వెనకదొడ్డి మూడెకరాలు

కిందటి సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు, అందరికీ తెచ్చే చాక్లెట్లూ సెంటు సీసాలతో పాటు ఒక పుస్తకం కూడా తెచ్చాడు. కథల పుస్తకం కాదు. గంటల పంచాంగానికి నాలుగింతలుంది, కాగితం పట్టుచీరలా చేతిలోంచి జారిపోతోంది. నిండా ఇళ్ళ బొమ్మలే. ఇటలీలో ద్రాక్షతోటల మధ్య ఒక ఇల్లు, స్కాట్లండులో ఒక కోట, ఫ్రాన్సులో చెరువూ వంతెనా ఉన్న భవంతి. అన్నీ అమ్మకానికే. చాలావాటికి ధర వేయలేదు, అడిగినవాళ్ళకే చెబుతారట.

"వీటిని హిస్టారిక్ ఎస్టేట్స్ అంటారత్తా. బాగా డబ్బున్నవాళ్ళు కొనుక్కుని బాగుచేయించుకుంటారు. మనకీ ఒకటుంది కదా!" అన్నాడు.

"మనకెక్కడిదిరా?"

"బిస్సమ్ కటక్‌లో తాతగారిల్లు."

నాకు నవ్వాగలేదు. ఎస్టేటనే మాట మా ఇంట్లో రోజూ వినపడేదే గాని, ఆ అర్థంలో కాదు. మా తాతగారు ఎస్టేటు గుమాస్తా. ఎస్టేటంటే జయపూర్ ఎస్టేటు. ఆయన కూర్చునే చాపా, రాసుకునే డెస్కూ, నెలకోసారి వచ్చే జీతమూ, ఆయన కోపమూ, అన్నీ ఎస్టేటువే.

కోరాపుట్, రాయగడ వైపు తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది. విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ అనేవారు. అందుకే అక్కడ ఇన్ని తెలుగు కుటుంబాలు. ఆ కొండల్లో చాలాభాగం జయపూర్ మహారాజావారిది. 1803లో కుంఫిణీవాళ్ళు ఆ ఎస్టేటు మొత్తానికీ ఏడాదికి 16,000 రూపాయల పేష్కషు ఖాయం చేశారు. మావాడి పుస్తకంలో ఇంటికి ఒక నెల తోటపని ఖర్చయినా అంతకంటే ఎక్కువే ఉంటుంది. మా బిస్సమ్ కటక్‌కు మళ్ళీ వేరే తాట్ రాజావారు ఉండేవారు. జయపూరుకు లోబడిన రాజు. పైకులనే సిపాయిలను పోషించి, అక్కడినుంచి పిలుపొస్తే పంపాలన్నది ఆ పదవికి షరతు.

జయపూర్ రాజుల్లో మనవాళ్ళందరికీ తెలిసిన పేరు విక్రమదేవవర్మగారు. 1931 నుంచి 1951లో పోయేదాకా ఆయనే మహారాజా. తెలుగులో కవిత్వం రాశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. నేను చదివిన విశ్వవిద్యాలయం అదే. అక్కడి సైన్సు కాలేజీ బోర్డు మీద ఆయన పేరు చూసినప్పుడల్లా మా రాజుగారని స్నేహితురాళ్ళ దగ్గర గొప్పలు పోయేదాన్ని. ఆ లక్ష ఎక్కడిదని ఆ వయసులో తోచలేదు. కొండ వాలులో చోళ్ళు పండించుకునే మనిషి ముస్తాజరుకు కట్టింది, ముస్తాజరు అమీనుకు కట్టింది, అమీను కచేరీలో మా తాతగారు లెక్క రాసింది. ఎస్టేటంటే ఇల్లు కాదు, ఈ వరస.

1952 డిసెంబరు 29న ఎస్టేటు రద్దయింది. మా తాతగారికి ఆ తేదీ ఎంత గుర్తంటే, మా పిన్ని పెళ్ళి అది జరిగిన మూడో ఏడని లెక్క చెప్పేవారు. గుమాస్తాగిరీ పోయాక వీధి అరుగు మీదనే కొట్టు పెట్టారు. చింతపండు, పసుపు, చోళ్ళు, చీపురుకట్టలు, అడ్డాకులు. నియమగిరి కొండల మీదనుంచి డొంగ్రియా కంధులు తెచ్చే పసుపు రంగే వేరు. తూకం వేసిన చేతులకు మర్నాడు సాయంత్రానికి కూడా పోయేది కాదు.

ఇక మావాడి ఉద్దేశం. కోకాపేటలో విల్లా కొనాలని వచ్చాడట. 2023 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం వేసిన వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందని మనందరం పేపర్లో చదివి గుండెల మీద చెయ్యేసుకున్నాం కదా. ఆ చుట్టుపక్కల ధరలు చూసి వీడికి కళ్ళు తిరిగాయి. అప్పుడు ఈ ఆలోచన వచ్చింది. తాతగారిల్లు పాతదే, వెనకదొడ్డి మూడెకరాలు. మామిడి, పనస, ఇప్ప చెట్లు. దూరంగా కొండలు. ముందు ఇంటిని బాగుచేసి, వెనక ఆరు విల్లాలు కట్టి, ఒకటి తాను ఉంచుకుని మిగిలినవి అమ్ముతాడట. రైలు స్టేషనుంది. పెద్ద ఆసుపత్రి కూడా ఉంది, 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన లిస్ మాడ్సెన్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టినది. నా చెల్లెలు పుట్టింది అక్కడే. ముసలి వయసులో ఉండడానికి ఇంతకంటే ఏం కావాలత్తా అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. ఆ అరుగు మీద మళ్ళీ కూర్చోవచ్చు.

ముందు నాలుగు పాత భవనాలు చూసి రమ్మన్నాను, పాత ఇంటిని పోషించడమంటే ఏమిటో తెలుస్తుందని. విశాఖపట్నం బీచిరోడ్డులో జయపూర్ రాజులు కట్టించిన హవామహల్ చూపించాను. వాడు ఫొటోలు తీశాడు, నేను గోడలకు పట్టిన ఉప్పుగాలి చెమ్మ చూశాను. విజయనగరం కోట చూశాం. అక్కడ రాజుగారు, పి.వి.జి. రాజుగారు, 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటలో కాలేజీలు నడిపించారు. కోటలో ఇంకా మనుషుల సందడి ఉందంటే అందువల్లే అనుకుంటాను. హైదరాబాదు ఫలక్‌నుమా సంగతి సరే. 1893లో పూర్తయిన ఆ ప్యాలెస్‌ను తాజ్ హోటలు వాళ్ళు ఏళ్ళ తరబడి బాగుచేసి 2010లో తెరిచారు. ఒరిస్సాలోనూ ఢెంకనాల్, ఔల్, మయూర్‌భంజ్ రాజవంశాలవాళ్ళు గదులు అతిథులకిచ్చి ఇళ్ళు నిలబెట్టుకుంటున్నారు. అవన్నీ వేలమంది కట్టిన శిస్తుతో లేచిన గోడలు. శిస్తు ఆగిపోయాక సున్నం కొట్టించడానికైనా ఏదో ఒక రాబడి కావాలి కదా. మాది అంత వ్యవహారం కాదు. మట్టిగోడలు, సాలుపు కర్ర దూలాలు, నాటుపెంకు. అయినా ఏటా వైశాఖంలో పెంకు తిరగెయ్యకపోతే ఆషాఢంలో వంటింట్లో గొడుగు పట్టుకోవాలి. దూలాలకు చెదలు రాకుండా నాయనమ్మ ఏటా జీడిగింజల నూనె పూయించేది. ఆ వాసనకు మాకు రెండు రోజులు అన్నం సయించేది కాదు.

కాగితాలు చూడమని ఒక వకీలుకు అప్పజెప్పాడు. పదిహేను రోజుల్లో ఇంటి స్థలం పట్టా దొరికింది. తాతగారి పేరునే ఉంది, చిక్కేమీ లేదు. వెనకదొడ్డికి మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో ఏమీ లేదు. ఈసీ తీస్తే ఖాళీగా వచ్చింది. ఖాళీగా వస్తే అప్పులేవీ లేవని మావాడు సంతోషించాడు. రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో కనిపిస్తాయనీ, అసలు అమ్మకమే రిజిస్టరు కాకపోతే అదీ ఖాళీగానే వస్తుందనీ వకీలుగారు చెప్పారు. ఇల్లూ పొలమూ కొనేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఒరిస్సాలో భూమి రికార్డులో పాతదాన్ని సాబిక్ అంటారు, ఇప్పటిదాన్ని హాల్ అంటారు. రైతు పేరు, తండ్రి పేరు, దాని పక్కనే జాతి కూడా రాస్తారు. మా వెనకదొడ్డి రెండింటిలోనూ ఒకే పేరున ఉంది. పక్కన జాతి: కంధ.

ఆ పేరు వినగానే నాకు స్టాంపు ప్యాడు గుర్తొచ్చింది.

అది 1966 వేసవి. అంతకుముందు ఏడు వానలు లేవు. ఒరిస్సా అంతటా కరువే. నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పచెట్టు కింద పూలు ఏరుకుంటున్నాను. మా పెరటి గోడ అవతల పొలం చేసుకునే కంధు ముసలాయన, ఆయన కొడుకూ వచ్చి అరుగు కింద నిలుచున్నారు. అరుగెక్కరు, అది అప్పటి మర్యాద. తాతగారూ వాళ్ళూ కువి మాటలూ దేశియా ఒడియా కలిపి చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత తాతగారు, "అమ్మడూ, లోపల డెస్కులో స్టాంపు ప్యాడుంటుంది, పట్రా" అన్నారు. తెచ్చి ఇచ్చాను. ముసలాయన బొటనవేలు ప్యాడు మీద ఎలా ఒత్తాలో తెలియక తేల్చి పట్టుకుంటే, నేనే ఆ వేలు పట్టుకుని నొక్కాను. నాకదొక ఆట. కాగితం మీద అచ్చు చక్కగా పడిందని తాతగారు నన్ను మెచ్చుకున్నారు. వాళ్ళు నాలుగు బస్తాల చోళ్ళు బండి మీద వేసుకుపోయారు. ఆ బండి కూడా మాదే, మర్నాడు తిరిగి తెచ్చారు.

మేం అన్యాయం చేశామని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. కరువులో గింజలిచ్చి ఆదుకున్నారనే మా నాయనమ్మ చెప్పేది. అదీ అబద్ధం కాదు. ఆ ఏడు ఆ కుటుంబం బతికింది. కాని అప్పటికే పదేళ్ళ కిందట, 1956లోనే, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారాలంటే అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. ఎస్టేటు కచేరీలో ముప్పయ్యేళ్ళు భూమి లెక్కలు రాసిన మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. తెలుసుననడానికి సాక్ష్యం కూడా దొరికింది. అటక మీద, ఇనుప తీగకు గుచ్చి, ఏళ్ళ తరబడి కట్టిన శిస్తు రసీదులు. డబ్బు కట్టింది మేము. రసీదులన్నీ ముసలాయన పేరుతో. తాతగారి తర్వాత మా నాన్న కూడా అలాగే కట్టారు. తీగ పైభాగంలో ఉన్నవి నాన్న చేతిరాతే.

2002లో ఆ నిబంధనను ఇంకా గట్టి చేశారు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడమే కుదరదన్నారు. 1956 తర్వాత అలాంటి భూమి ఎవరి చేతిలోనైనా ఉంటే అది ఎలా వచ్చిందో రెండేళ్ళలోగా సబ్ కలెక్టరుకు చెప్పుకోవాలన్నారు. మా ఇంటినుంచి ఎవరూ చెప్పలేదు. అప్పటికి నాన్న పోయారు, అన్నయ్య విశాఖలో, నేను టీచరు ఉద్యోగంలో. మామిడికాయలు మాత్రం ఏటా బుట్టల్లో వచ్చేవి. ఆవకాయ పెట్టేవాళ్ళం.

మన ఆంధ్రా వైపు 1/70 చట్టం గురించి అందరికీ తెలుసు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పల్లెటూళ్ళలో కూడా ఆ పేరు నలిగింది. ఒరిస్సా సంగతే మన ఇళ్ళలో తక్కువ మాట్లాడుకుంటాం. మధ్యవర్తి ఒకాయన మావాడికి ధైర్యం చెప్పాడు. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం ఈ నిబంధన సడలించాలని నిర్ణయించింది కదా, మళ్ళీ సడలిస్తారు, ఆగండి అన్నాడు. సడలించాలనుకున్న మాట నిజమే. గొడవ రేగేసరికి ఆపేసిన మాట కూడా నిజమే. అంతవరకూ ఆగలేకపోతే ఇంకో దారుందన్నాడు. ఒక గిరిజనుడి పేరున కొని, కట్టుబడి మనం చేసుకుని, అతన్ని వాచ్‌మన్‌గా పెట్టుకోవడం.

"అందరూ చేసేదేనట అత్తా. అరకులో కూడా ఇంతేనట."

"అంటే మీ ముత్తాత చేసిందే మళ్ళీ చేస్తావన్నమాట. ఆయనైతే గింజలైనా ఇచ్చాడు."

వాడు మొహం ముడుచుకున్నాడు. ఆ రాత్రి అన్నయ్య ఫోను చేసి నన్ను చెడామడా తిట్టాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు. గుండె ఆపరేషను తర్వాత ఉన్న డబ్బంతా అయిపోయింది. కొడుకు కడతానన్న విల్లాల్లో తన వాటాతో చివరి రోజులు గడిచిపోతాయనుకున్నాడు. "అరవయ్యేళ్ళయింది. అడిగినవాడు లేడు, ఏడ్చినవాడు లేడు. ఇప్పుడు నువ్వెళ్ళి నిప్పు రాజేస్తావా? నీకు పెన్షనుంది కాబట్టి ఈ నీతులు" అన్నాడు. ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. నాకు పెన్షనుంది.

అడిగినవాడు లేడన్న మాట మాత్రం ఒప్పుకోలేదు. 2013లో నియమగిరి మీద బాక్సైటు తవ్వకాల విషయం మీరే తేల్చమని సుప్రీంకోర్టు ఆదేశిస్తే, పన్నెండు గ్రామసభలు పెట్టారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండ మా అరుగు మీదనుంచి కనిపిస్తుంది. అడగరని మనం అనుకునే జనమే వాళ్ళు.

మార్చిలో నేనొక్కదాన్నే వెళ్ళాను. రాయపూర్ ప్యాసింజరు, కిటికీ పక్క సీటు. తెరువలి దాటాక కొండలు దగ్గరకొస్తాయి. స్టేషన్లో దిగేసరికి ఇప్పపూల వాసన. ఇల్లు చూస్తే, వీధివైపు గది కప్పు కుంగిపోయింది. మార్కమ్మ గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరాను. ఇల్లు మారలేదు, మా గోడకు ఫర్లాంగు దూరంలోనే. ఆయనా, ఆయన కొడుకూ ఎప్పుడో పోయారు. మనవడున్నాడు, నలభయ్యేళ్ళుంటాయి. ఏడాదిలో తొమ్మిది నెలలు కేరళలో ఉంటాడట, ఇళ్ళకు టైల్స్ వేసే పని. పండక్కని వచ్చాడు.

నేనెవరినో చెబితే గుర్తుపట్టాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఫోనులో తాను పనిచేసిన ఇళ్ళు చూపించాడు. ఈతకొలను చుట్టూ నీలంరాయి పరిచింది తానేనట. ఒక్కొక్క ఇంట్లో నలుగురుంటారనీ, ఏడెనిమిది స్నానాల గదులుంటాయనీ, రాళ్ళు పరుస్తున్నన్నాళ్ళూ తాము సిమెంటు బస్తాల షెడ్డులో పడుకుంటామనీ నవ్వుతూ చెప్పాడు. మావాడి పుస్తకంలో బొమ్మలకూ ఈ ఫోనులో బొమ్మలకూ నాకు పెద్ద తేడా కనపడలేదు.

వచ్చిన పని చెప్పాను. ఒడియాలో నాకు మాటలు వెంటనే తోచక, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. ఆ మూడెకరాలూ రికార్డులో ఇప్పటికీ మీ తాత పేరునే ఉన్నాయి, మేం వదిలేస్తాం, కలిసి అర్జీ పెడదాం అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి వాళ్ళమ్మతో కువిలో ఏదో అన్నాడు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడతను బయటికొచ్చి అడిగాడు.

"ఎంత కట్టాలమ్మా?"

నాలుగు బస్తాల చోళ్ళకు ఇన్నేళ్ళ వడ్డీ లెక్కేసుకుని వచ్చాననుకున్నాడు. ఏమీ కట్టక్కర్లేదని చెబితే నమ్మలేదు. నమ్మకపోవడమే సహజం. మా కొట్టు అరుగు మీదనుంచి ఆ ఇంటికి ఊరికే వచ్చింది ఏదీ లేదు. సంచిలోంచి రసీదుల తీగ తీసి చేతికిచ్చాను. వాళ్ళ తాత పేరును వేలితో కూడబలుక్కుంటూ చదివాడు. ఒకటి, రెండు, మూడు, అలా పది దాకా చదివాడు.

ఆ మర్నాడు మా ఇంటికొచ్చాడు, గ్రామ పెద్ద ఒకాయన్ని వెంటబెట్టుకుని. గోడ దాటి చెట్లన్నీ లెక్కపెట్టుకున్నారు. మామిళ్ళు పదకొండు, పనసలు నాలుగు, ఇప్పలు రెండు. ఇప్పచెట్టొకటి మా తాతగారి రోజుల్లో మూడుండేది, ఒకటి పిడుగు పడి పోయింది. ఆ సంగతి అతనికీ తెలుసు. వాళ్ళ నాన్న చెప్పాడట.

అర్జీ మీద నాతో పాటు అన్నయ్య, చెల్లెలు కూడా సంతకం పెట్టాలి. చెల్లెలు వెంటనే పెట్టింది. అన్నయ్యకు కాగితాలు పంపి, ఒక ఉత్తరం కూడా రాశాను. ఇంటి స్థలంలో నా వాటా నువ్వే తీసుకో, అది మనదే, దాన్ని ఎవరూ కాదనరు, అమ్ముకుంటే మందులకు వస్తుంది అని. నెలరోజులు జవాబు లేదు. మా వదిన ఫోనెత్తి, "నిద్రపోతున్నారు" అని పెట్టేసేది, పగలు పదకొండింటికి కూడా.

మే నెలలో కొరియరు వచ్చింది. అర్జీ మీద అన్నయ్య సంతకం. ఉత్తరం లేదు. నా వాటా గురించి నేను రాసిన కాగితాన్ని మాత్రం నాలుగు మడతలు పెట్టి తిరిగి పంపాడు.

అర్జీ ఇచ్చాం. విచారణ జరుగుతోంది, వాయిదాలకు వెళ్ళి వస్తున్నాను. మావాడు గండిపేట వైపు ఒక విల్లాకు అడ్వాన్సు కట్టాడు. దాని పేరులో కూడా ఎస్టేట్ అని ఉందట. మొన్న ఫోను చేసి, ఆ స్థలం పాత దస్తావేజులు చూడమని వకీలుకు చెప్పానత్తా, ముప్పయ్యేళ్ళు కాదు, అంతకంటే వెనక్కి వెళ్ళమన్నాను అన్నాడు. తర్వాత ఫోను వాళ్ళ నాన్నకిచ్చాడు. ఆర్నెల్ల తర్వాత అన్నయ్య గొంతు వినడం అదే.

"వీధి గది కప్పు కుంగిందటగా. పెంకు తిరగేయించావా?" అన్నాడు.

"లేదన్నయ్యా. మనిషి దొరకలేదు."

"ఆ గోడవతల టైల్స్ పని చేసే కుర్రాడున్నాడన్నావు కదా, అతన్నడుగు. కూలి ఎంతో ముందే మాట్లాడుకో. నేను పంపిస్తాను."